స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తగిన చాట్ యాప్ ఏది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కంప్యూటర్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు కూడా మాటలకు, గ్రూపులకు వచ్చేసరికి ఏ యాప్‌ను నమ్మాలో తేల్చుకోలేకపోతున్నారు. వాటిలో ఆరు ప్రశ్నలను తీసుకుని జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మాది చిన్న గ్రంథాలయ సంఘం. మా కంప్యూటర్లలో లినక్స్, లిబ్రేఆఫీస్ వాడుతున్నాం. కానీ కార్యవర్గ తీర్మానాలతో సహా సంఘం మాటలన్నీ వాట్సాప్ గ్రూపులోనే నడుస్తున్నాయి. మారదామంటే ఒకరు సిగ్నల్ అంటున్నారు, మరొకరు టెలిగ్రామ్ కూడా ఓపెన్ సోర్సే కదా అంటున్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రాలకు ఏది సరిపోతుంది?
– గ్రంథాలయ సంఘం కార్యదర్శి, తెనాలి

జవాబు: 1983లో రిచర్డ్ స్టాల్‌మన్, పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్ను ప్రాజెక్టును ప్రకటించడంతో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నేడు అడుగుతున్న స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) చదివి అవసరమైనట్టు మార్చుకోవడం, నకళ్లు పంచిపెట్టడం, మార్చిన రూపాన్ని కూడా పంచిపెట్టడం. లిబ్రేఆఫీస్ విషయంలో ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది, ఎందుకంటే దాని పనంతా మీ కంప్యూటర్లోనే జరిగిపోతుంది. చాట్ విషయంలో అలా కుదరదు. మీ ఫోనులో ఉన్న యాప్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరేనా? మాటలను చేరవేసే సర్వర్ ప్రోగ్రాము సంగతేమిటి? ఆ సర్వర్‌ను మరొకరు కూడా నడుపుకుని, అక్కడి నుంచి మిగతావారందరితో మాట్లాడగలరా? ఈ మూడింటినీ విడివిడిగా అడగాలి. మూడో ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

వాట్సాప్‌కు మూడింటిలో ఏదీ లేదు. 2016 నుంచి అందులో మాటలన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతున్న, అంటే మాట్లాడుకునేవారు తప్ప మరెవరూ చదవలేని రూపంలోకి మారుతున్న మాట నిజమే, అది చిన్న మేలు కాదు. అయితే ఆ ఎన్‌క్రిప్షన్ చేసే యాప్ కోడ్‌ను బయటివారు చదివే వీలు లేదు కాబట్టి కంపెనీ మాటను నమ్మడం తప్ప మనకు మరో దారి ఉండదు. ఇక్కడ తెలుసుకోదగిన చరిత్ర ఒకటుంది. వాట్సాప్ తొలినాళ్లలో తన సర్వర్లను ఎజాబర్‌డి అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుని కట్టుకుంది. ఎజాబర్‌డి లైసెన్స్ అయిన జీపీఎల్ ప్రకారం, మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచినప్పుడే దాని కోడ్ ఇవ్వాలి. సొంత సర్వర్ మీద నడుపుకుంటూ సేవ మాత్రమే అందిస్తే ఇవ్వనక్కరలేదు. అలా అందరి శ్రమతో తయారైన ప్రోగ్రాము మీద ఎవరికీ తలుపు తెరవని వ్యవస్థ లేచింది. ఈ సందును పూడ్చడానికే ఏజీపీఎల్ లైసెన్స్ ఉంది. 2007లో వచ్చిన దాని మూడో రూపం ప్రకారం, మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్క్ మీద సేవగా నడిపినా వాడేవారికి సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచాల్సిందే. మీరు ఏ చాట్ సర్వర్ గురించి చదివినా లైసెన్స్ దగ్గర ఈ పేరు ఉందో లేదో ఒకసారి చూడండి.

టెలిగ్రామ్ గురించి మీ మిత్రులు చెప్పింది సగమే నిజం. యాప్ కోడ్ జీపీఎల్ కింద ఉంది, సర్వర్ కోడ్ ఎక్కడా లేదు. పైగా మామూలు సంభాషణలు ఆ కంపెనీ సర్వర్లలోనే, కంపెనీ చదవగలిగే స్థితిలోనే ఉంటాయి. ఇద్దరి మధ్య ‘సీక్రెట్ చాట్’ తెరిచినప్పుడు మాత్రమే ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ కనబడని రక్షణ వస్తుంది. గ్రూపులకు ఆ సౌకర్యం లేదు. తీర్మానాలు చర్చించే సంఘానికి నేను దాన్ని సూచించను.

సిగ్నల్ విషయం వేరు. దాని యాప్‌లు, సర్వర్ కూడా స్వేచ్ఛా లైసెన్సుల కింద ఉన్నాయి, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. 2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక దర్యాప్తు కోసం ఖాతాల వివరాలు ఇమ్మని కోర్టు ద్వారా ఆదేశం వస్తే, ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కలిసిన తేదీ తప్ప ఇవ్వడానికి వారి దగ్గర ఏమీ లేకపోయింది. మన గురించి ఇంత తక్కువ దాచుకునే సేవలు అరుదు. అయినా మూడో ప్రశ్న దగ్గర సిగ్నల్ ఆగిపోతుంది. సర్వర్ ప్రోగ్రామును మీరు తెచ్చుకుని నడపవచ్చు, కానీ అక్కడి నుంచి సిగ్నల్ వాడేవారితో మాట్లాడలేరు. గూగుల్ భాగాలు లేకుండా కొందరు తయారుచేసిన లిబ్రేసిగ్నల్ అనే యాప్ 2016లో మూతపడడానికి కారణం, తమ సర్వర్లను ఇతరుల యాప్‌లు వాడకూడదని సిగ్నల్ నిర్మాతలు చెప్పడమే. 2020 ఏప్రిల్ నుంచి సుమారు ఏడాది పాటు సర్వర్ కోడ్‌లోని మార్పులు బయటకు రాలేదు. కోడ్ స్వేచ్ఛగా ఉన్నా, దాన్ని నడిపే చోటు ఒక్కటే అయినప్పుడు ఇలాంటి సందర్భాల్లో మనం చేయగలిగింది ఎదురుచూడడమే. ఫోను నంబరు లేనిదే ఖాతా కూడా తెరవలేము.

ఎయిర్‌టెల్ నంబరు నుంచి జియో నంబరుకు ఫోన్ చేయగలగడం మనకు ఎంత మామూలు విషయమో, ఒక సర్వర్‌లోని ఖాతా నుంచి మరో సర్వర్‌లోని ఖాతాకు సందేశం పంపడం చాట్‌లో కూడా అంత మామూలు కావాలని కోరుకున్నవారు 1999లో జాబర్‌ను మొదలుపెట్టారు. అదే తర్వాత ఎక్స్‌ఎంపీపీ పేరుతో 2004లో ఇంటర్నెట్ ప్రమాణమైంది. 2005లో గూగుల్ టాక్ కూడా దాని మీదే వచ్చింది. 2006 నుంచి జీమెయిల్ ఖాతా ఉన్నవారు, ఎక్కడో ఒక కళాశాల నడుపుకునే చిన్న సర్వర్‌లోని మిత్రులతో నేరుగా మాట్లాడుకోగలిగారు. 2013లో గూగుల్, హ్యాంగౌట్స్ అనే తన కొత్త చాట్ సేవకు మారినప్పుడు ఆ దారిని మూసేయడం మొదలుపెట్టింది. జనమంతా ఒకే పెద్ద సర్వర్‌లో పోగైతే, ప్రమాణం ఎంత మంచిదైనా, ఆ సర్వర్ యజమాని ఒక నిర్ణయంతో తలుపు వేయగలరని ఆ అనుభవం చూపించింది. అందుకే నేను ‘ఎక్స్‌ఎంపీపీ వాడండి’ అని ఊరుకోకుండా, సభ్యులంతా ఒకే ప్రసిద్ధ సర్వర్‌లో ఖాతాలు తెరవవద్దని కూడా చెబుతాను.

మీ సంఘానికి నా సలహా ఎక్స్‌ఎంపీపీయే. ఆండ్రాయిడ్ ఫోన్లలో కాన్వర్సేషన్స్ అనే యాప్ వేసుకోండి. ప్లే స్టోరులో దానికి ధర ఉంటుంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే ఉంచే ఎఫ్-డ్రాయిడ్‌లో ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఐఫోన్ ఉన్నవారికి మోనల్, కంప్యూటర్లకు గాజిమ్ లేదా డీనో ఉన్నాయి. చిరునామా ఈమెయిల్ చిరునామాలాగే ఉంటుంది, ఫోను నంబరు అడగరు. మాటలను కాపాడే పద్ధతి పేరు ఓమెమో. గ్రూపు తెరిచేటప్పుడు బయటివారికి కనబడని రకాన్ని ఎంచుకుంటే గ్రూపుకు కూడా అది వర్తిస్తుంది. ఓమెమో కాపాడేది మాటల్లోని విషయాన్నే. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది, మీ పరిచయాల పట్టికతో సహా, సర్వర్ నడిపేవారికి తెలుస్తుంది. కాబట్టి ఎవరి సర్వర్‌లో ఖాతా తెరుస్తున్నామన్నది ఆలోచించి నిర్ణయించుకోవాలి.

ఒక చిక్కు గురించి ముందే హెచ్చరిస్తాను, ఎందుకంటే సంఘాలు మళ్లీ వాట్సాప్‌కు వెళ్లిపోయేది ఎక్కువగా దీనివల్లే. మన ఊళ్లలో ఎక్కువమంది దగ్గరున్న రెడ్‌మి, రియల్‌మి, వివో ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి, తెర ఆరిపోయిన కాసేపటికి ఇలాంటి యాప్‌లను ఆపేస్తాయి. సందేశం వచ్చినట్టు తెలియదు, యాప్ పాడైందని సభ్యులు అనుకుంటారు. ఫోను సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలోకి వెళ్లి, కాన్వర్సేషన్స్‌కు బ్యాటరీ విషయంలో ఏ పరిమితీ లేకుండా చేయాలి. ‘ఆటోస్టార్ట్’ అని కనబడితే దాన్ని కూడా ఆన్ చేయాలి. ఈ పనిని సభ్యులకు వదిలేయకుండా ఒక సమావేశం రోజున కార్యకర్తలే కూర్చుని అందరి ఫోన్లలో చేసిపెట్టడం మంచిది. అప్పుడే ఒకరి ఫోను మీది క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేసుకుంటే, అవతల ఉన్నది ఆ మనిషేనన్న నిర్ధారణ కూడా అయిపోతుంది. మొదట కార్యవర్గం ఒక్కటే మారితే చాలు. సభ్యులందరికీ వెళ్లే ప్రకటనల కోసం పాత గ్రూపును కొన్ని నెలలు అలాగే ఉంచుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కళాశాలలో విద్యార్థులం కలిసి ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చేస్తున్నాం. చర్చలన్నీ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో జరుగుతున్నాయి. కోడ్ జీపీఎల్ కింద ఉంటే చాలదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చాలదనే నా అభిప్రాయం. మీ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, కానీ ఆ కోడ్ అలా ఎందుకు ఉందో చెప్పే చర్చ చదవాలంటే ఒక కంపెనీ షరతులను ఒప్పుకుని ఖాతా తెరవాలి. డిస్కార్డ్‌లోని మాటలు సాధారణ వెతుకులాటలో కనబడవు. మీ తర్వాత వచ్చే బ్యాచ్ విద్యార్థి మీరు పరిష్కరించిన సమస్యనే మళ్లీ మొదటి నుంచి పరిష్కరించుకోవలసి వస్తుంది. ప్రాజెక్టులో చేరడానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని యాప్‌ను తప్పనిసరి చేయడం, మీరు నమ్మే విషయానికి మీ గుమ్మంలోనే అడ్డుపడడం అవుతుంది.

మీకు తగినవి రెండున్నాయి. జూలిప్ అనేది సర్వర్‌తో సహా పూర్తిగా స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉన్నది. అందులో ప్రతి చర్చకూ ఒక శీర్షిక పెట్టాలి, కాబట్టి తరగతులు, పరీక్షల మధ్య రెండు రోజులు రాలేకపోయినవారు కూడా తమకు కావలసిన చర్చను మాత్రమే తెరిచి చదువుకోగలరు. కావాలనుకుంటే చర్చలను ఖాతా లేనివారికి కూడా కనబడేలా పెట్టవచ్చు. అయితే ఒక జూలిప్ సర్వర్‌లోనివారు మరో జూలిప్ సర్వర్‌లోనివారితో మాట్లాడుకోలేరు. రెండోది మ్యాట్రిక్స్. 2014లో మొదలైన ఈ వ్యవస్థలో సర్వర్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఒక గదిలోని చర్చ అందులో పాల్గొనే ప్రతి సర్వర్‌లోనూ ఉంటుంది. మొజిల్లా సంస్థ 2020లో ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ పద్ధతి మీద నడిచే తన సర్వర్‌ను మూసి మ్యాట్రిక్స్‌కు మారింది. కేడీఈ, ఫెడోరా వంటి ప్రాజెక్టుల చర్చలు కూడా అక్కడే జరుగుతున్నాయి. ఇలాంటి ప్రాజెక్టుల్లో మీ విద్యార్థులు పాలుపంచుకోవాలన్న ఆశ ఉంటే మ్యాట్రిక్స్‌నే ఎంచుకోండి, ఎందుకంటే కళాశాల ఖాతాతోనే ఆ గదుల్లోకి నేరుగా వెళ్లవచ్చు.

ఐఆర్‌సీ ప్రస్తావన వచ్చింది కాబట్టి 2021 సంగతి చెప్పాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఏళ్ల తరబడి కూడలిగా ఉన్న ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ యాజమాన్యం విషయంలో ఆ మే నెలలో వివాదం రేగింది. దాన్ని నడుపుతున్న స్వచ్ఛంద కార్యకర్తలు బయటకు వచ్చి లిబెరా చాట్ పేరుతో కొత్త నెట్‌వర్క్ పెట్టారు. వందల ప్రాజెక్టులు, గ్నుతో సహా, కొద్ది వారాల్లోనే అక్కడికి మారిపోయాయి. ఐఆర్‌సీ 1988 నాటిది, ప్రమాణం అందరికీ తెలిసినది, యాప్‌లు అవే. మార్చుకోవలసింది సర్వర్ చిరునామా ఒక్కటే. డిస్కార్డ్‌లో ఇలాంటి వివాదమే వస్తే మీకు వెళ్లడానికి మరో డిస్కార్డ్ ఉండదు.

ప్రశ్న: మ్యాట్రిక్స్‌లో వాడే ఎలిమెంట్ యాప్‌ను మన దేశంలో నిషేధించారని విన్నాను. అలాంటప్పుడు దాన్ని ఎలా సూచిస్తారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు విన్నది నిజమే. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం, జమ్ము కశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణం చూపి, సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద 14 యాప్‌లను నిలిపివేసినట్టు వార్తలు వచ్చాయి. వాటిలో ఎలిమెంట్, బ్రయర్ అనే రెండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లు ఉన్నాయి. ఎవరైనా కోడ్ చదివి పరీక్షించగల, ఎందరో ప్రభుత్వోద్యోగులు, విద్యార్థులు రోజువారీ పనికి వాడే యాప్‌ను ఆ జాబితాలో చేర్చడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో తెచ్చిన చాప్ అనే యాప్ ఇదే మ్యాట్రిక్స్ మీద కట్టినది.

ఆచరణకు వస్తే, మ్యాట్రిక్స్ వేరు, ఎలిమెంట్ వేరు. ఎలిమెంట్ అనేది మ్యాట్రిక్స్‌లోకి వెళ్లడానికి ఉన్న యాప్‌లలో ఒకటి మాత్రమే. ఫ్లఫీచాట్ వంటి ఇతర స్వేచ్ఛా యాప్‌లు అదే ఖాతాతో, అవే గదుల్లోకి తీసుకెళ్తాయి. సంస్థ తరఫున వాడదలచుకున్నవారు మాత్రం మొదలుపెట్టే ముందు అప్పటికి అమలులో ఉన్న ఆదేశాలను తెలిసిన న్యాయవాదితో చూపించుకోవాలి.

ప్రశ్న: అరట్టై చాట్ యాప్ మన దేశంలోనే తయారైంది కదా. విదేశీ కంపెనీ నుంచి బయటపడితే అసలు సమస్య తీరినట్టే కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మన దేశంలో మంచి సాఫ్ట్‌వేర్ తయారుకావడం నాకూ సంతోషమే. అయితే అరట్టై సోర్స్ కోడ్ స్వేచ్ఛా లైసెన్స్ కింద విడుదల కాలేదు, దాని సర్వర్‌ను మీరో నేనో నడుపుకోలేము. తెనాలి జవాబులో చెప్పిన మూడు ప్రశ్నలు కంపెనీ కార్యాలయం చెన్నైలో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా మారవు. స్వదేశీ కావాలి, స్వేచ్ఛా కావాలి అనుకునేవారు ప్రవ్ గురించి తెలుసుకోవాలి. కాన్వర్సేషన్స్ కుటుంబానికి చెందిన క్విక్సీ అనే యాప్ ఆధారంగా మన దేశంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు దీన్ని తయారుచేశారు. వాడేవారే యజమానులుగా ఉండే సహకార సంఘంగా నడపాలన్నది వారి సంకల్పం. వాట్సాప్‌లాగే ఫోను నంబరుతో ఖాతా తెరుచుకుంటుంది, లోపల ఉన్నది మాత్రం ఎక్స్‌ఎంపీపీ కాబట్టి ఇతర సర్వర్లవారితోనూ మాట్లాడవచ్చు. పాల సహకార సంఘాలు నడిపిన ప్రాంతం మనది. ఈ ప్రయత్నానికి తెలుగు జిల్లాల నుంచి సభ్యులు, కార్యకర్తలు రావాలని నా కోరిక.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఇద్దరం రోజూ మాట్లాడుకోవడానికి, మనవడి ఫొటోలు చూడడానికి తేలికైన స్వేచ్ఛా యాప్ చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీకు డెల్టా చాట్ బాగుంటుంది. ఇది ఈమెయిల్ వ్యవస్థ మీదే పనిచేస్తుంది, కానీ చూడడానికి మామూలు చాట్ యాప్‌లాగే ఉంటుంది. పేరు ఇస్తే ఖాతా తయారవుతుంది. నంబరు, పాస్‌వర్డ్ అడగదు. మీ అమ్మాయిని ముందుగా వేసుకుని మీకు ఆహ్వానపు లింకు పంపమనండి. దాన్ని నొక్కితే మీ ఇద్దరి మధ్య ఎన్‌క్రిప్షన్‌తో సహా అంతా సిద్ధమవుతుంది. ఫోను మార్చే ముందు యాప్‌లోనే బ్యాకప్ తీసుకోవడం మరచిపోవద్దు, ఎందుకంటే మీ ఖాతా తాళాలు మీ ఫోనులోనే ఉంటాయి.

ముఖాలు చూసుకుంటూ మాట్లాడడానికి జిట్సీ మీట్ వాడండి. ఇదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. జిట్సీవారి సొంత సైటులో 2023 ఆగస్టు నుంచి గది తెరిచేవారు గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్ ఖాతాల్లో ఏదో ఒకదానితో లాగిన్ కావలసి వస్తోంది. చేరేవారికి ఆ అవసరం లేదు. అదీ ఇష్టం లేకపోతే జిట్సీని నడుపుతున్న వేరే సర్వర్లు ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని చూసిపెట్టమని మీ అమ్మాయిని అడగండి.

ప్రశ్న: మా సహకార సంఘంలో ఇరవై మంది ఉద్యోగులున్నారు. సొంత చాట్ సర్వర్ పెట్టుకోవడం మాలాంటివారికి సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సాధ్యమే, దానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఎక్స్‌ఎంపీపీ సర్వర్లలో ప్రోసడీ చాలా తేలికైనది. దాన్నే చిన్న బృందాలకు సులువుగా అమర్చి స్నికెట్ పేరుతో ఇస్తున్నారు. ఒక డొమైన్ పేరు, నెలవారీ అద్దెకు దొరికే చిన్న సర్వర్ ఉంటే, లినక్స్ కమాండ్లు కొద్దిగా తెలిసినవారు ఒక పూటలో నిలబెట్టగలరు. ఉద్యోగులకు ఆహ్వానపు లింకు పంపితే వారే ఖాతా తెరుచుకుంటారు. ఆహ్వానం లేనివారు చేరలేరు. ఆఫీసులోని పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడదామంటే, మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలాసార్లు ఒకే ఐపీ చిరునామాను ఎందరికో కలిపి ఇస్తాయి కాబట్టి బయటి నుంచి దాన్ని చేరుకోలేరు. విడి చిరునామా అడిగి తీసుకోవాలి. సర్వర్‌కు కాపలాగా ఉండే ఫైర్‌వాల్‌లో 5222 పోర్టు (రాకపోకల ద్వారం) మీ ఉద్యోగుల ఫోన్ల కోసం, 5269 పోర్టు ఇతర సర్వర్లతో మాటల కోసం తెరిచి ఉండాలి. భద్రత పేరుతో రెండోదాన్ని మూసేయమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే మీ సంఘం బయటివారెవరితోనూ మాట్లాడలేని మరో మూసిన గది అవుతుంది, కాబట్టి తెరిచే ఉంచండి.

కష్టమంతా నిలబెట్టిన తర్వాతే ఉంటుంది. కొత్త వెర్షన్లు వచ్చినప్పుడు వేయాలి, వారానికోసారైనా డేటా నకలు వేరే చోట దాచాలి, ఏడాదికోసారి డొమైన్ రుసుము కట్టాలి. ఇవన్నీ ఉత్సాహవంతుడైన ఒక్క ఉద్యోగి మీద వదిలేస్తే, అతను ఉద్యోగం మారిన రోజున సర్వర్ అనాథ అవుతుంది. నిర్వహణ పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉండాలి, డొమైన్ వ్యక్తి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద రిజిస్టర్ కావాలి, అద్దె సంఘం ఖాతా నుంచే వెళ్లాలి. మొదటిసారి అమర్చుకోవడానికి తోడు కావాలంటే, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలను అడిగి చూడండి.